చిగుళ్ల జబ్బుకు రేపటి చికిత్సలు: ఇవాళ ఏం చేసుకోవాలి, దేనికి డబ్బు పెట్టకూడదు

పళ్లు తోముతుంటే నురుగులో ఎర్రచార కనిపించగానే కొందరు పేస్టు మారుస్తారు, కొందరు మెత్తటి బ్రష్ కొంటారు. చాలామంది మాత్రం నెత్తురు వచ్చిన చోట బ్రష్ ఆనించడమే మానేస్తారు. పన్ను కదిలేదాకా తీసుకెళ్లేది ఈ మూడోదే. చిగురు కింద ఎముక కరిగేలా చేసే సూక్ష్మజీవులకు ఆ నెత్తురే తిండి. వాపు పెరిగేకొద్దీ వాటికి మేత పెరుగుతుంది, అవి పెరిగేకొద్దీ వాపు పెరుగుతుంది.

మాలిక్యులర్ బయాలజీ, మైక్రోబయోమ్ (ఒంట్లో కలిసి బతికే సూక్ష్మజీవుల సమూహం) పరిశోధన ఇన్నేళ్లలో తేల్చిన అసలు సంగతి ఇదే. కొత్తగా వస్తున్న మందులన్నీ ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపడానికి చేస్తున్న ప్రయత్నాలే. అవి మామూలు క్లినిక్కులకు చేరడానికి ఇంకా సమయం పడుతుంది. అయితే ఆ పరిశోధనను బట్టి ఈ రోజే మొదలుపెట్టాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, ఈ రోజే మానుకోవాల్సిన ఖర్చులూ ఉన్నాయి.

ముందు జబ్బు నడిచే తీరు తెలుసుకోండి

1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో బృందం ఒక ప్రయోగం చేసింది. చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోముకోవడం ఆపమన్నారు. 10 నుంచి 21 రోజుల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం తిరిగేసరికి దాదాపుగా సర్దుకున్నాయి. చిగుళ్ల వాపుకు పాచే కారణమని దాంతో రుజువైంది. కానీ వాచిన ప్రతి చిగురు కిందా ఎముక కరగదు. ఏళ్లతరబడి నెత్తురు కారినా కొందరి పళ్లు గట్టిగానే ఉంటాయి, ఇంకొందరికి నలభై నిండకముందే కదులుతాయి. ఆ తేడా ఎక్కడిదన్నది అప్పుడు తేలలేదు.

1998లో బోస్టన్‌లోని ఫోర్సైత్ సంస్థలో సోక్రాన్‌స్కీ బృందం 185 మంది నోళ్ల నుంచి 13 వేలకు పైగా పాచి నమూనాలు తీసి, ఏ బ్యాక్టీరియా దేనితో జట్టు కడుతుందో డీఎన్‌ఏ పరీక్షతో చూసింది. పన్నుకూ చిగురుకూ మధ్య పడిన లోతైన సందుల్లో (పాకెట్లలో), నెత్తురు కారే చోట్ల మూడు కలిసి కనిపించాయి: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సైథియా, ట్రెపొనీమా డెంటికోలా. వీటికి ఎర్ర గుంపు అని పేరు పెట్టారు. ఈ మూడింటినీ చంపేస్తే జబ్బు పోతుందని చాలాకాలం అనుకున్నారు.

2011లో ఎలుకల మీద జరిగిన పని ఆ లెక్క మార్చేసింది. జార్జ్ హజిషెంగాలిస్ బృందం పోర్ఫిరోమోనాస్‌ను ఎలుకల నోట్లోకి ఎక్కించింది. అది మొత్తం బ్యాక్టీరియాలో 0.01 శాతం కూడా లేదు. అయినా నోట్లో మామూలుగా ఉండే మిగతా బ్యాక్టీరియా సంఖ్య, కూర్పు తారుమారై ఎముక కరిగింది. ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకు అదే బ్యాక్టీరియాను ఒంటరిగా ఎక్కిస్తే ఎముకకు ఏమీ కాలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. రక్తంలో ఉండే కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ సంకేతాలను అందుకునే ప్రొటీన్లు (రిసెప్టర్లు) లేని ఎలుకల్లో కూడా ఎముక కరగలేదు. అంటే ఈ బ్యాక్టీరియా నేరుగా ఎముకను కొరకడం లేదు. మన రక్షణ కణాల చంపే శక్తిని పక్కకు తప్పించి, వాపును మాత్రం రగిలిస్తుంది. ఎముకను కరిగించేది మన ఒంటి స్పందనే.

పోర్ఫిరోమోనాస్‌కు చక్కెరతో పని లేదు. కణజాలం విరిగినప్పుడు వచ్చే ప్రొటీన్ ముక్కలు, నెత్తురుకు ఎరుపునిచ్చే హీమ్ నుంచి ఇనుము, ఇవే దాని ఆహారం. ల్యాబులో పెంచాలన్నా హీమిన్, విటమిన్ కె కలిపిన మాధ్యమం కావాలి, గాలి తగలకూడదు. తీపి మానేస్తే పుచ్చులు తగ్గుతాయి కానీ చిగుళ్ల జబ్బు ఆ ఒక్కదానితో తగ్గకపోవడానికి ఇదొక కారణం.

చార్టు లేకుండా ఏ కొత్త చికిత్సా మీకు పనికిరాదు

రేపు ఏ మందు వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది: జబ్బు ఎంత ముదిరింది, ఎంత వేగంగా ముదురుతోంది? దీనికి జవాబు పీరియోడాంటల్ చార్టులో, అంటే ఒక్కో పన్ను చుట్టూ చిగురు కొలతలు రాసిన పట్టికలో ఉంటుంది. మన దగ్గర చాలామంది ఏళ్లతరబడి క్లీనింగ్ చేయించుకుంటారు, చేతిలో ఒక్క కొలత కూడా ఉండదు. ఇది మార్చుకోవాలి.

పళ్ల డాక్టర్ని, వీలైతే చిగుళ్ల స్పెషలిస్టుని, పూర్తి చార్టు చేయమని అడగండి. సన్నటి కొలబద్దతో ఒక్కో పన్నుకు ఆరు చోట్ల కొలుస్తారు. 28 పళ్లుంటే 168 అంకెలు. 1 నుంచి 3 మి.మీ. మామూలు. 4 మి.మీ. దగ్గర జాగ్రత్త మొదలవ్వాలి. 6 మి.మీ., అంతకు మించితే లోతైన పాకెట్. కొలిచేటప్పుడు ఎన్ని చోట్ల నెత్తురు వచ్చిందో శాతంగా రాస్తారు, 10 శాతం లోపుంటే చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టు. వీటితో పాటు ఎక్స్‌రే, కదిలే పళ్ల వివరం, చిగురు ఎంత కిందికి జారిందన్నది కూడా ఉండాలి. చార్టు ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి, తేదీ తప్పనిసరి.

2017 అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం జబ్బు ముదిరిన స్థాయిని స్టేజి 1 నుంచి 4 వరకూ, వేగాన్ని గ్రేడ్ ఎ, బి, సి అనీ రాస్తారు. గ్రేడు మీరే ఉజ్జాయింపుగా లెక్కేసుకోవచ్చు. ఎక్స్‌రేలో బాగా దెబ్బతిన్న పన్ను దగ్గర వేరు పొడవులో ఎంత శాతం ఎముక పోయిందో అడగండి, దాన్ని మీ వయసుతో భాగించండి. 0.25 కంటే తక్కువైతే ఎ, 1 దాకా బి, 1 దాటితే సి. ఉదాహరణకు 40 ఏళ్ల మనిషికి 50 శాతం ఎముక పోతే 1.25, అంటే గ్రేడ్ సి. షుగర్ ఉండి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 7 లేదా అంతకు మించినా, రోజుకు 10 లేదా ఎక్కువ సిగరెట్లు తాగినా గ్రేడు సికి పెరుగుతుంది.

ఇక్కడ మన ప్రాంతంలో జరిగే పొరపాటు ఒకటుంది. పొగాకు తాగేవాళ్ల చిగుళ్లు నెత్తురు తక్కువ కారుస్తాయి. "నాకు రక్తం రావట్లేదు, చిగుళ్లు బాగున్నాయి" అని వాళ్లు ధీమాగా ఉంటారు, లోపల పాకెట్ 7 మి.మీ. ఉండొచ్చు. ఆ గ్రేడు లెక్క సిగరెట్లకు రాసింది. బీడీ, చుట్ట, శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ, ఖైనీ, గుట్కా వీటిలో దేన్నయినా సరే డాక్టరుకు విడిగా, రోజుకు ఎన్నిసార్లో చెప్పాలి. అడక్కపోయినా చెప్పండి.

రెండు వారాల ఇంటి పరీక్ష

ఆర్హస్ ప్రయోగాన్ని తిరగేసి వాడుకోవచ్చు. పాచి వల్ల వచ్చిన పైపై వాపైతే, సరిగ్గా శుభ్రం చేస్తే వారం పది రోజుల్లో తగ్గాలి.

మెత్తటి బ్రష్‌ను చిగురు, పన్ను కలిసే గీత మీద 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో రోజుకు రెండుసార్లు రెండేసి నిమిషాలు తోమండి. రాత్రి పడుకునే ముందు పళ్ల సందుల్లో ఇంటర్‌డెంటల్ బ్రష్ పెట్టండి. సందులోకి కాస్త బిగువుగా వెళ్లే సైజు కావాలి. వదులుగా వెళ్తే పాచి రాదు, బలవంతంగా దూర్చాల్సి వస్తే చిగురు చీరుకుంటుంది. ముందు పళ్లకీ దవడ పళ్లకీ ఒకే సైజు సరిపోకపోవచ్చు. బొగ్గు, ఇటుక పొడి, గరుకు పళ్లపొడి వాడకండి, అవి చిగురు కిందికి జారిన చోట వేరును అరగదీస్తాయి. వేపపుల్ల అలవాటుంటే ఉంచుకోండి కానీ అది పళ్ల సందుల్లోకి వెళ్లదు కాబట్టి ఇంటర్‌డెంటల్ బ్రష్‌కు ప్రత్యామ్నాయం కాదు.

మొదటి మూడు నాలుగు రోజులు నెత్తురు రావచ్చు. ఆపకండి. రెండు వారాల తర్వాత కూడా అదే సందులో నెత్తురు వస్తే అక్కడ చిగురు కింద గార పేరుకుందనో, పాకెట్ ఉందనో అర్థం. ఇంట్లో ఎంత తోమినా అది పోదు. ఆ పన్ను ఏదో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చూపించండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు నెత్తురు ఎక్కువ కారొచ్చు. దాన్ని చూసి మందు మీరే ఆపకండి.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన దగ్గర చాలా గట్టిగా ఉంది. గార తీశాక వాచిన చిగురు కుంచించుకుని సందులు కనపడతాయి, చల్లనీళ్లు జివ్వుమంటాయి. ఎముక అప్పటికే పోయింది, గార దాన్ని కప్పి ఉంచింది, అంతే. డీప్ క్లీనింగ్ (చిగురు కింది గార కూడా తీయడం) తర్వాత పాకెట్‌లో గాలి తగిలి, వాపు తగ్గి, ఇనుము, ప్రొటీన్ సరఫరా పడిపోతుంది. ఆక్సిజన్ గిట్టని బ్యాక్టీరియా తగ్గి మామూలువి తిరిగొస్తాయి. నోటి మైక్రోబయోమ్‌ను మార్చే చికిత్సల్లో ఇప్పటికి మన చేతిలో ఉన్న బలమైనది ఇదే. సుమారు మూడు నెలలకు మళ్లీ కొలవాలి. నెత్తురు కారుతూ 4 మి.మీ. దాటిన పాకెట్ మిగలకూడదు, 6 మి.మీ.వి అసలే ఉండకూడదు. మిగిలితే మళ్లీ డీప్ క్లీనింగో, ఫ్లాప్ సర్జరీయో (చిగురు తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్) అవసరమవుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు దీని లాభం నోటితో ఆగదు. చాలా ట్రయల్స్‌ను కలిపి చూసిన 2022 కాక్రేన్ సమీక్షలో, చిగుళ్ల చికిత్స చేసిన మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గింది. చికిత్సకు ముందు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి ఆ పరీక్ష చేయించి షుగర్ డాక్టరుకు చూపించండి.

మైక్రోబయోమ్ టెస్టు: తీసే తీరులోనే సగం తప్పు

ఉమ్మి పంపితే నోటి బ్యాక్టీరియా రిపోర్టు ఇస్తామనే సేవలు వస్తున్నాయి. ఇప్పటికైతే మామూలు పేషెంటు దీనికి డబ్బు పెట్టాల్సిన అవసరం లేదు. రిపోర్టులో పోర్ఫిరోమోనాస్ ఉందన్నా, లేదన్నా చేసే చికిత్స ఒకటే: గార తీయడం, పాకెట్ తగ్గించడం, పొగాకు మాన్పించడం. చికిత్సను మార్చని పరీక్ష ఎంత ఖరీదైనదైనా వృథాయే.

అయినా ఏదైనా అధ్యయనంలో చేరి నమూనా ఇవ్వాల్సి వస్తే, అది సరిగ్గా తీస్తున్నారో లేదో మీరే గమనించవచ్చు. ఉమ్మిలో ఎక్కువగా ఉండేవి నాలుక, బుగ్గల మీది బ్యాక్టీరియా. పాకెట్ అడుగున ఏముందో అది చెప్పదు. పాకెట్ నమూనాకు ముందు పన్నును దూదితో ఆరబెట్టాలి, చిగురు పైనున్న పాచిని తుడిచేయాలి, ఆ తర్వాత క్రిమిరహితమైన పేపర్ పాయింట్‌ను (సన్నటి కాగితపు పుల్ల) పాకెట్ అడుగుదాకా దించి కొన్ని సెకన్లు ఉంచి తీయాలి. పైపాచి తుడవకపోతే ఫలితం పైపాచిదే అవుతుంది. కొలబద్దతో పాకెట్ కొలిచాక నమూనా తీస్తే నెత్తురు కలిసిపోతుంది, అందుకే నమూనా ముందు, కొలత తర్వాత. మొత్తం డీఎన్‌ఏ చదివే పద్ధతిలోనైతే నెత్తురు కలిసిన నమూనాలో చదివినదాంట్లో ఎక్కువ భాగం మనిషి డీఎన్‌ఏనే వస్తుంది.

అంతకుముందు మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడి ఉంటే చెప్పాలి. ఆ నమూనా మీ మామూలు నోటిది కాదు. ఈ మధ్య క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలించినా అంతే.

రిపోర్టు చదివేటప్పుడు ఇంకో రెండు విషయాలు. బ్యాక్టీరియాలోని ఒక్క జన్యువును చదివి గుర్తుపట్టే 16ఎస్ అనే పద్ధతి చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏను కూడా లెక్కేస్తుంది, జాతి దాకా కచ్చితంగా చెప్పలేకపోవచ్చు. అది ఇచ్చేవి శాతాలు, సంఖ్యలు కావు. మంచి బ్యాక్టీరియా సగానికి పడిపోతే చెడ్డవి ఒక్కటి కూడా పెరగకుండానే వాటి శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. రెండు వేర్వేరు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి బాగయింది, పాడయింది అనుకోవడం కుదరదు. ఒకే ల్యాబు, ఒకే పద్ధతి, అవే పళ్లు అయితేనే పోలిక నిలుస్తుంది.

బ్యాక్టీరియాకు బదులు వాపును కొలిచే పరీక్ష

దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. వాచిన చిగురులోకి వచ్చే తెల్ల రక్తకణాలు ఎంఎంపీ-8 అనే ఎంజైమ్ వదులుతాయి, అది చిగురు, ఎముకల్లోని కొల్లాజెన్‌ను కోస్తుంది. పనిచేస్తున్న స్థితిలో ఉన్న ఎంఎంపీ-8ని కుర్చీ పక్కనే కొలిచే పట్టీలను హెల్సింకీలో టిమో సోర్సా బృందం చేసిన పని మీద ఆధారపడి తయారుచేశారు. కొద్దిపాటి శుద్ధ నీటితో పుక్కిలించి ఉమ్మిన దాన్ని పట్టీ మీద వేస్తే నిమిషాల్లో గీత వస్తుంది. మి.లీ.కు 20 నానోగ్రాములు దాటితే పాజిటివ్.

ఇది ఏ పన్ను దగ్గర జబ్బుందో చెప్పదు, ఎముక ఎంత పోయిందో చెప్పదు. ఇప్పుడు వాపు రగులుతోందా లేదా అన్నదే చెబుతుంది. చికిత్స అయిపోయి ఆరోగ్యంగా ఉన్నవాళ్లను మూడు నెలలకు పిలవాలా, ఆరు నెలలకు పిలవాలా అని నిర్ణయించడానికి ఇలాంటి పరీక్ష పనికొస్తుంది. కొలబద్ద పట్టడానికి స్పెషలిస్టు లేని పల్లె ఆసుపత్రుల్లో ఎవర్ని పట్నం పంపాలో వడపోయడానికి కూడా.

జన్యు పరీక్షల సంగతి తొందరగా చెప్పేయొచ్చు. 1997లో ఇంటర్‌ల్యూకిన్-1 (వాపు సంకేతాలు పంపే ప్రొటీన్) జన్యువుల తేడాలకూ తీవ్రమైన చిగుళ్ల జబ్బుకూ సంబంధం ఉందన్న పరిశోధన వచ్చాక పరీక్షలు అమ్మారు. ఒక్క జన్యువుతో ఈ జబ్బును ముందే చెప్పడం సాధ్యం కాదని తర్వాత తేలింది. పిల్లలకు పాలపళ్లే కదిలి ఊడిపోతూ, అరచేతులు, అరికాళ్లు మందంగా పొట్టు లేస్తుంటే మాత్రం ఆలస్యం చేయకండి. అది పాపియోన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ కావచ్చు, కెథెప్సిన్ సి జన్యువులో లోపం వల్ల వస్తుంది. మేనరికాల్లో పుట్టిన పిల్లల్లో ఇలాంటి అరుదైన లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ కాబట్టి మన ప్రాంతంలో డాక్టర్లు, తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

వస్తున్న మందులు, వాటి దూరం

ఇప్పటికే ఉన్నదాంతో మొదలుపెడదాం. డాక్సీసైక్లిన్ 20 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. ఆ మోతాదు బ్యాక్టీరియాను చంపదు, ఎంఎంపీ-8 లాంటి ఎంజైములను అణుస్తుంది. అమెరికాలో 1998లోనే అనుమతి వచ్చింది. వాపును ఆపి ఎముకను కాపాడే ఆలోచనతో అక్కడ అనుమతి పొందిన తొలి మందు ఇదే. డీప్ క్లీనింగ్‌తో పాటు దీన్ని వాడొచ్చని 2015లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ అంటే, లాభం తక్కువ కాబట్టి వద్దని 2020 యూరప్ మార్గదర్శకం చెప్పింది. డాక్టరు రాస్తేనే వాడాలి. 100 మి.గ్రా. క్యాప్సూల్ విప్పి భాగాలు చేసుకుని వాడితే మోతాదు తప్పుతుంది, నిరోధక శక్తి పెంచుకున్న బ్యాక్టీరియా మిగులుతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు పనికిరాదు.

కాంప్లిమెంట్‌ను ఆపే మందు ఎలుకల ప్రయోగం నుంచి సూటిగా పుట్టింది. ఏఎంవై-101 అనే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) కాంప్లిమెంట్‌లోని సీ3 అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. 2021లో ఫలితాలు వెలువడిన ట్రయల్‌లో చిగుళ్ల వాపున్న 40 మందికి వారానికోసారి చొప్పున మూడు వారాలు చిగురులోకి ఇంజెక్షన్ ఇచ్చారు. ఒక్కో చోట 0.1 మి.గ్రా. వాపు, నెత్తురు తగ్గాయి, ఆ మెరుగుదల 90 రోజుల దాకా నిలిచింది. ఇది చిన్న ట్రయల్, అదీ చిగుళ్ల వాపు మీద. పోయిన ఎముకను ఇది నిలబెడుతుందని చూపించాలంటే వందల మందితో, ఎక్స్‌రేలతో, ఏడాదికి పైగా సాగే పరీక్షలు కావాలి.

వాపును ఆపడం మీద నమ్మకం పెంచిన ఇంకో కేసు చాలా అరుదైన జబ్బుది. ఎల్‌ఏడీ-1 అనే లోపంతో పుట్టినవాళ్ల తెల్ల రక్తకణాలు రక్తనాళం దాటి చిగురులోకి రాలేవు, చిన్నతనంలోనే పళ్లన్నీ కదిలిపోతాయి. కాపలా కణాలు లేక బ్యాక్టీరియా తినేస్తోందని దశాబ్దాల పాటు అనుకున్నారు. యాంటీబయాటిక్స్ ఇస్తే పెద్దగా లాభముండేది కాదు. ఆ కణాలు కణజాలంలోకి చేరకపోవడం వల్ల ఇంటర్‌ల్యూకిన్-23, 17 సంకేతాలు ఆగకుండా మోగుతూనే ఉన్నాయని నికీ మౌట్సోపౌలస్ తదితరులు కనుక్కున్నారు. ఆ దారిని ఆపే ఉస్టెకినుమాబ్ అనే సోరియాసిస్ మందును ఒక పేషెంటుకు ఇస్తే చిగుళ్ల వాపు తగ్గింది, నడుము కింద ఎంతకీ మానని పుండు కూడా మానింది. 2017లో ఇది ప్రచురితమైంది. ఒక్క మనిషి ఫలితమే, ఖరీదైన మందు, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. మామూలు చిగుళ్ల జబ్బుకు దీన్ని వాడమని ఎవరూ అనరు. కానీ ఎముకను కరిగించే తీగ ఎటు వెళ్తుందో మనిషిలోనే చూపించింది.

బ్యాక్టీరియా ఆయుధాన్నే తీసేసే ప్రయత్నం ఇంకొకటి. పోర్ఫిరోమోనాస్ జింజిపెయిన్ అనే ఎంజైములతో ప్రొటీన్లను ముక్కలు చేస్తుంది. వాటిని ఆపే అటుజాజిన్‌స్టాట్ మాత్రను అల్జీమర్స్ ఉన్న 643 మంది మీద పరీక్షించారు. అల్జీమర్స్ వచ్చినవాళ్ల మెదడులో ఈ ఎంజైములు కనిపించాయన్న 2019 పరిశోధన దానికి ఆధారం. 2021లో వచ్చిన ఫలితాల్లో ప్రధాన లక్ష్యాలు నెరవేరలేదు, కొందరిలో లివర్ ఎంజైములు పెరిగాయి. చిగుళ్ల జబ్బు అల్జీమర్స్ తెస్తుంది, ఇది వాడితే ఆగుతుంది అనే ప్రకటన ఎక్కడ కనిపించినా ఈ ఫలితం గుర్తు తెచ్చుకోండి. రెండూ కలిసి కనిపించడం వేరు, ఒకటి ఆపితే రెండోది ఆగడం వేరు.

పోయిన ఎముకను తిరిగి పెంచే వైపు జపాన్ ముందుంది. ఎఫ్‌జీఎఫ్-2 అనే పెరుగుదల ప్రొటీన్‌ను సర్జరీ సమయంలో లోపం ఉన్న చోట పూసే మందుకు 2016లో అక్కడ అనుమతి ఇచ్చారు. పీడీజీఎఫ్ అనే ఇంకో పెరుగుదల ప్రొటీన్ ఉన్న మందుకు అమెరికాలో 2005లోనే వచ్చింది. ఇలాంటివి పన్ను పక్కన నిలువుగా, ఇరుకుగా, లోతుగా పడిన గుంటల్లో బాగా పనిచేస్తాయి. ఎముక అంతటా సమంగా అడ్డంగా కిందికి దిగిపోతే నింపడానికి గుంటే ఉండదు, కట్టడానికి గోడలుండవు. ఈ ప్రొటీన్లకు డబ్బు పెట్టే ముందు మీ ఎక్స్‌రేలో లోపం నిలువుదా, అడ్డమా అని డాక్టర్ని అడగండి. పొగ తాగుతూ ఉంటే వీటి ఫలితం తగ్గుతుంది.

షాపులో దొరికేవి: మౌత్‌వాష్, ప్రోబయోటిక్, ఆకుకూర

క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం, 10 మి.లీ., ఒక నిమిషం, రోజుకు రెండుసార్లు. సర్జరీ తర్వాతో, బ్రష్ పెట్టలేని రోజుల్లోనో రెండు వారాలు వాడటానికి అది బంగారం. నెలలతరబడి వాడితే పళ్లు గోధుమరంగు తిరుగుతాయి, రుచి పోతుంది. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురుగు పదార్థం దాని శక్తిని తగ్గిస్తుంది కాబట్టి అరగంట ఆగాలి. మైక్రోబయోమ్ పరిశోధన దీనికి ఇంకో హెచ్చరిక చేర్చింది. నాలుక మీది రోథియా, నైసీరియా లాంటి బ్యాక్టీరియా ఆకుకూరల్లోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి, దాని నుంచి రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. క్లోర్‌హెక్సిడిన్ వాటిని కూడా చంపేస్తుంది, కొన్ని అధ్యయనాల్లో బీపీ కాస్త పెరిగింది. బీపీ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన రోజుల కంటే ఒక్కరోజు కూడా ఎక్కువ వాడకండి.

జర్మనీలో 2016లో ప్రచురితమైన ఒక ట్రయల్‌లో నైట్రేట్ ఎక్కువున్న లెట్యూస్ రసం రెండు వారాలు తాగినవాళ్లకు చిగుళ్ల వాపు తగ్గింది. మన వంటింట్లో నైట్రేట్ మెండుగా ఉండేవి తోటకూర, పాలకూర, బీట్‌రూట్, ముల్లంగి. నైట్రేట్ నీళ్లలో కరిగిపోతుంది. ఆకు ఉడికించి నీళ్లు పారబోస్తే చాలా భాగం అందులోనే పోతుంది. పప్పులో వేసి ఉడికించడమో, నీళ్లు ఇగిరేలా వేపుడు చేయడమో మేలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, బీట్‌రూట్ పెంచే ముందు డాక్టర్ని అడగాలి. ఇది క్లీనింగ్‌కు తోడు మాత్రమే, బదులు కాదు.

ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న) బిళ్లల్లో ఎక్కువ పరీక్షలు జరిగింది లాక్టోబాసిల్లస్ రూటెరి మీద. కొన్ని ట్రయల్స్‌లో పాకెట్ కొద్దిగా తగ్గింది, కొన్నింటిలో తేడా లేదు. 2020 యూరప్ మార్గదర్శకం వాడొద్దనే అంది. కొనాలనిపిస్తే డబ్బా మీద బ్యాక్టీరియా పేరు తర్వాత స్ట్రెయిన్ (ఆ జాతిలోని ఉపరకం) కోడ్ ఉందో లేదో చూడండి. ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ పనిచేసి ఇంకోటి పనిచేయకపోవచ్చు. "నోటికి మంచి బ్యాక్టీరియా" అని మాత్రమే రాసి ఉంటే ఏ ట్రయల్ ఫలితమూ దానికి వర్తించదు. పెరుగు తినండి, మంచిదే, కానీ పాకెట్ అడుగుకు అది చేరదు.

స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) జెల్, మెట్‌ఫార్మిన్ (షుగర్ మందు) జెల్ పాకెట్‌లో పెడతామని చెప్పే చోట్లున్నాయి. వీటి మీద మన దేశంలోనే చాలా ట్రయల్స్ జరిగాయి. అదే 2020 మార్గదర్శకం రెండింటినీ వాడొద్దనే చెప్పింది. పాకెట్‌లో పెట్టడానికి తయారై అనుమతి పొందిన మందులు కావవి, ట్రయల్స్ కోసం కలిపినవి.

ట్రయల్‌లో చేరమని అడిగితే

డెంటల్ కాలేజీల్లో చిగుళ్ల విభాగాలు ట్రయల్స్ చేస్తూనే ఉంటాయి, కొత్త మందు మీదాకా వచ్చే మొదటి దారి అదే కావచ్చు. ఒప్పుకునే ముందు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా నంబరు అడగండి. సీటీఆర్‌ఐ అనే అక్షరాలతో మొదలవుతుంది. మన దేశంలో 2009 జూన్ నుంచి ట్రయల్స్ అక్కడ నమోదు చేయడం తప్పనిసరి. ఆ నంబరుతో వెబ్‌సైటులో వెతికితే ఎవరు చేస్తున్నారో, ఎంతమందిని తీసుకుంటున్నారో, దేన్ని కొలుస్తారో కనిపిస్తుంది. నంబరు చెప్పలేకపోతే సంతకం పెట్టకండి.

తర్వాత కొలిచేది ఏమిటో చూడండి. ఉమ్మిలో బ్యాక్టీరియా శాతం మారడం మీకు పెద్ద లాభం కాదు. పాకెట్ లోతు, నెత్తురు శాతం, ఎక్స్‌రేలో ఎముక, ఊడిన పళ్లు, ఇవి మీ పంటికి సంబంధించిన కొలతలు. రెండు గుంపులకూ డీప్ క్లీనింగ్ ఇస్తున్నారా అని అడగండి. ఉత్తుత్తి మందు వచ్చిన గుంపులో మీరు పడ్డా కనీసం ఆ చికిత్స దక్కాలి. ఎన్ని నెలలు చూస్తారో కూడా ముఖ్యం. మూడు నెలల ట్రయల్ వాపు సంగతి చెబుతుంది, ఎముక సంగతి చెప్పడానికి చాలదు.

సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే తెలుగులో కావాలని అడగండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత. నమూనాలు ఎన్నేళ్లు దాస్తారు, మీ డీఎన్‌ఏ కూడా చదువుతారా, దేశం బయటికి పంపుతారా అన్నవి అందులో ఉండాలి. దుష్ఫలితం వస్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో నంబరు ఉండాలి. ట్రయల్ ముగిశాక మూడు నెలలకోసారి చార్టు, క్లీనింగ్ ఎవరు చేస్తారో, దాని ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా తీసుకోండి. ట్రయల్ మొదట్లో మీకు తీసిన చార్టు, ఎక్స్‌రేల నకలు కూడా అదే రోజు అడిగి తెచ్చుకోండి.